రోడ్డు భద్రత: "ఇక్కడికే కదా" అన్న మాట

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకుని బ్రతికేవాళ్లము. తెలుగులో ఉపన్యసించడం మాకు అలవాటు లేని పని. అయితే ఈ రోజు సభకు మన తెలుగు సోదరులు, ఇరుగుపొరుగువారు, అధికారులు కూడా దయచేసినారు. పైగా మేము చెప్పబోయే విషయంలో వారూ మనమూ అనే భేదం లేదు. ఒకే రోడ్డు మీద అందరమూ నడుస్తున్నాము. అందుచేత తెలుగులోనే మాట్లాడుతున్నాము. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించగలరు.

కార్యదర్శిగారు ప్రతి సంవత్సరం లాగే విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈసారి రోడ్డు భద్రత గురించి చెబుతామని మేమే కోరినాము. "అది పోలీసువాళ్లు, ఆర్.టి.ఓ. ఆఫీసువాళ్లు చెప్పవలసిన మాట గదా సార్!" అని వారు నవ్వినారు. కాదు. చెప్పవలసినవాళ్లలో మేము అందరికన్నా ముందున్నాము. ఎందుకో మొదట మనవి చేసుకుంటాము. ఇది చెప్పడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది.

2015వ సంవత్సరం. పదవ తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గర పడినవి. లెక్కల ప్రశ్నల కాగితం ఒకటి తయారు చేసి పిల్లలందరికీ ఇవ్వదలచినాము. జెరాక్సు దుకాణం మా బడికి అర కిలోమీటరు కూడా ఉండదు. తరగతిలో అందరికన్నా చురుకైన పిల్లవాణ్ణి పిలిచి మా స్కూటరు తాళం చెవి చేతిలో పెట్టినాము. వాడికి 15 ఏళ్లు. స్కూటరు నడపడం వాళ్ల అన్న దగ్గర నేర్చుకున్నాడని మాకు తెలుసు. వాడు గడప దగ్గర ఆగి, స్టాఫ్ రూములో బీరువా మీద ఉన్న మా హెల్మెట్ వైపు చూసినాడు. "సాబ్, హెల్మెట్?" అన్నాడు. మేము కాగితాలు దిద్దుకుంటూ తల ఎత్తకుండా, "యహీఁ తక్ తో హై, జా బేటా" అన్నాము. ఇక్కడికే కదా, పో నాయనా అని.

వాడు పోయినాడు. మలుపులో ఒక ఆటో ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. వాడు తప్పించబోయి పడినాడు. తల పోయి కాలువ గట్టుకు తగిలింది. పెద్దాసుపత్రిలో 17 రోజులు ఉన్నాడు. ప్రాణం దక్కింది, అల్లా దయ. కాని ఒక చెవి వినబడదు. మాట అందుకోవడానికి కొంచెం ఆలస్యమవుతుంది. పందొమ్మిదో ఎక్కం కళ్లు మూసుకుని చెప్పే పిల్లవాడు, ఈనాడు వాళ్ల అన్న కిరాణా దుకాణంలో చిల్లర లెక్కపెట్టేటప్పుడు వేళ్లు ముడుస్తాడు.

ఆసుపత్రి వరండాలో వాడి తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మా తఖ్దీర్ సాబ్, మీరేం చేస్తారు" అన్నది. ఆ మాటతో మాకు పెద్ద ఊరట కలిగిందని ఒప్పుకోవడానికి ఈ రోజు సిగ్గుపడుతున్నాము. ఆ తల్లి తన దుఃఖాన్ని ఓర్చుకోవడానికి ఆ మాట అన్నది. మేము దాన్ని మా తప్పు కప్పుకోవడానికి వాడుకున్నాము.

ఇంకొక్క సంగతి కూడా చెబితేనే ఇది పూర్తి అవుతుంది. ఆ సాయంత్రం మేము ఒక పెద్దమనిషిని వెళ్లి అడిగినాము. వారు స్టేషనుకు ఒక ఫోను చేసినారు. కేసు లేకుండా పోయింది. చీకటి పడేసరికి మా స్కూటరు మా ఇంటి ముందర ఉంది. ఆ ఫోను చేసినవారు ఈ సభలోనే ఉన్నారు. వారిని మేము తప్పు పట్టడం లేదు. మా మేలు కోరి చేసినారు. అడిగింది మేమే.

సోదరులారా, ఆ నాటి నుండి మేము రోడ్డు మీద జరిగేవన్నీ వేరే కళ్లతో చూస్తున్నాము. ఎక్కడ చూసినా ఆ మాటే వినబడుతున్నది. ఇక్కడికే కదా. మసీదు దాకానే కదా, ముగ్గురం ఎక్కితే ఏమి? బజారు దాకానే కదా, హెల్మెట్ ఎందుకు? యూ టర్ను దూరం, ఎదురు దారిలో వంద గజాలే కదా? దూర ప్రయాణం పోయేవాడు దువా చేసుకుని బయలుదేరుతాడు. గుమ్మం దగ్గర ఇల్లాలు జాగ్రత్త చెబుతుంది. పాలపొట్లానికి పోయేవాడికి ఎవ్వరూ జాగ్రత్త చెప్పరు.

ఇక దేశం సంగతి చూద్దాము. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ ప్రతి సంవత్సరం లెక్కలు ప్రకటిస్తుంది. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారు 1,68,491 మంది. రోజుకు 462 మంది. అంటే మనం ఈ సభ ముగించుకుని ఇంటికి చేరే లోపల దేశంలో నలభై యాభై ఇళ్లలో ఏడ్పులు మొదలవుతాయి. చనిపోయినవారిలో వందకు 66 మంది 18 నుండి 45 ఏళ్ల లోపువారు. అంటే ఇల్లు గడిపే చేతులు. వందకు 44 మంది రెండు చక్రాల బండ్ల మీద పోయేవారు. 32 వేల పైచిలుకు మంది ఏ బండీ ఎక్కకుండా, కాలినడకన పోతూ చనిపోయినవారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవారే 50 వేల మంది. ఈ లెక్క చూసినప్పుడు మాకు ఆ బీరువా గుర్తుకు వచ్చింది.

కొందరు మిత్రులు ఒక మాట అంటారు. "మనవాళ్లు తాగరు సార్, తాగి నడిపేవాళ్లకు చెప్పండి ఈ నీతులు" అని. తాగి నడపడం ఘోరమైన నేరమే, సందేహం లేదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ఊరుకోదు. మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అయితే అదే 2022 లెక్కలలో, తాగి నడిపినందువల్ల అని రాసుకున్న చావులు వందకు మూడు కూడా లేవు. అతివేగం వల్ల అని రాసుకున్నవి వందకు 71. వేగానికి సారా అక్కరలేదు. నమాజు చదివి వచ్చిన కుర్రవాడికీ ఆ మత్తు ఎక్కుతుంది.

మేము లెక్కల మాస్టర్లము కాబట్టి ఈ సంగతి బ్లాక్‌బోర్డు మీద వేసి చూపిస్తుంటాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఒక బిడ్డ అడ్డం వచ్చింది. కన్ను చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను అనుకుందాము. ఆ సెకనులో బండి మన తరగతి గది రెండు మూడు గదులంత దూరం పోయి ఉంటుంది. బ్రేకు ఇంకా పడనే లేదు. పడిన తర్వాత కూడా, వేగం రెండింతలైతే బండి ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. పిల్లలు ఇక్కడ ముక్కు మీద వేలు వేసుకుంటారు.

ఇంకొక లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయి గోడకు తగిలితే ఎంత దెబ్బ? 6 మీటర్ల ఎత్తు నుండి, అంటే రెండంతస్తుల మేడ మీద నుండి కింద పడితే ఎంత దెబ్బ తగులుతుందో అంత. 50 అయితే మూడంతస్తుల మేడ. మిద్దె అంచున నిలబడిన బిడ్డను చూస్తే మన ప్రాణం గిలగిలలాడుతుంది. అదే బిడ్డను స్కూటరు ముందర నిలబెట్టుకుని 50లో పోతాము. మిద్దె ఎత్తు కంటికి కనబడుతుంది, వేగం ఎత్తు కనబడదు. ఇంతే తేడా.

హెల్మెట్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది ఏమంటే, దాన్ని సరిగా పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే ప్రమాదం వందకు 69 వంతులు, చావు ప్రమాదం 42 వంతులు తగ్గుతుంది. సరిగా పెట్టుకుంటే అన్న మాట గమనించాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది తలకన్నా ముందు ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్లు అమ్మడం 2021 జూన్ నుండి నిషిద్ధం. ఫుట్‌పాత్ మీద నూట యాభైకి దొరికేది పోలీసుకు చూపించడానికి పనికివస్తుందేమో, రోడ్డు మాత్రం దాన్ని లెక్కచేయదు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో 1939లోనే మోటారు వాహనాల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1988 చట్టం వచ్చి 1989 జూలై నుండి అమలైంది. దాన్ని 2019లో సవరించి జరిమానాలు పెంచినారు. అంటే చట్టం లేదని ఎవ్వరూ అనలేరు. తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన ముక్కలు రెండు మూడు చెబుతాము.

గేరు లేని స్కూటరే కదా అని 15, 16 ఏళ్ల బిడ్డలకు ఇస్తున్నారు. 16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సి.సి. లోపు గేరు లేని బండికి మాత్రమే, అదీ లైసెన్సు తీసుకున్న తర్వాత. ఈ రోజు మన వీధుల్లో తిరిగే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సి.సి. దాటినవే. వాటికి 18 నిండవలసిందే. మైనరు బిడ్డ బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం బండి యజమాని గాని, సంరక్షకుడు గాని బాధ్యుడు. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ బిడ్డకు 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు ఇవ్వరు. మా విషయం జరిగినప్పటికి ఈ సవరణ రాలేదు. కాని లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వడం 1988 చట్టంలోనే నేరం. కాబట్టి మాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

హెల్మెట్ నడిపేవాడికే కాదు, వెనుక కూర్చున్నవారికి కూడా తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ తప్పనిసరి. మన ఇళ్లలో నాన్న ఒక్కడే పెట్టుకుంటాడు. అమ్మకు లేదు, బిడ్డకు లేదు. జరిమానా కట్టవలసినవాడు ఒక్కడే గనుక తల కూడా ఒక్కటే అనుకున్నాము!

ఇప్పుడు మేము మాట్లాడదలచుకున్న అసలు విషయానికి వస్తాము. చట్టం పుస్తకంలో ఉంటుంది. దాన్ని రోడ్డు మీదికి దించేవాడు కూడలిలో నిలబడిన కానిస్టేబుల్. రాజ్‌విహార్ సెంటరులో గాని, బళ్ళారి చౌరస్తాలో గాని ఎండలో నిలబడి అతడు ఒక మైనరు కుర్రవాణ్ణి ఆపి బండి స్టేషనుకు పంపిస్తాడు. గంటలో మన ఫోను పోతుంది. "మనవాడే, చిన్నపిల్లవాడు, వదిలేయండి" అని. మన సొసైటీ చేసే సేవలలో ఇది కూడా ఒకటైపోయింది. నివేదికలో అచ్చు వేయరు గాని, అందరికీ తెలుసు. ఇది మన ఒక్క సొసైటీలోనే కాదు. ప్రతి కులానికీ, ప్రతి పార్టీకీ, ప్రతి వీధికీ ఫోను చేసే పెద్దమనుషులు ఉన్నారు. పది ఫోనులు వచ్చిన తర్వాత ఆ కానిస్టేబుల్ ఏం చేస్తాడు? ఫోను చేయించుకోలేని పేదవాణ్ణి మాత్రమే ఆపుతాడు. చట్టం పేదవాడి మీదనే పడుతున్నదని మళ్లీ మనమే విమర్శిస్తాము.

ఆ కుర్రవాడికి మనం ఏం నేర్పినాము? రూల్సు ఉన్నది వేరేవాళ్లకు, మనకు ఫోను ఉంది అని నేర్పినాము. మేము లెక్కలు పదేళ్లు చెప్పినా పోనిది ఆ ఒక్క గంటలో వాడి బుర్రకు ఎక్కుతుంది.

మేము ఒక పక్షమే చెబుతున్నామని అనుకోవద్దు. తనిఖీ పేరుతో అవమానించడం, రసీదు లేకుండా డబ్బు అడగడం, మన టోపీ చూసి బండి పక్కకు పెట్టించడం వంటివి జరిగితే అక్కడ సొసైటీ తప్పక నిలబడాలి. వకీలును పెట్టాలి, పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది న్యాయం కోరడం. తప్పు చేసినవాణ్ణి తప్పించమనడం న్యాయం కోరడం కాదు. ఈ రెండింటినీ మనం కలిపేసినాము. కలిపినందువల్ల, నిజంగా అన్యాయం జరిగినప్పుడు కూడా మన మాటకు విలువ లేకుండా పోతున్నది.

మూడవది ప్రజలకు నేర్పడం. ఇది ఉపాధ్యాయుల పని అంటారు, ఒప్పుకుంటాము. కాని ఏం నేర్పుతున్నాము? జనవరిలో రోడ్డు భద్రత మాసోత్సవాలు వస్తాయి. ర్యాలీ తీస్తాము, నినాదాలు ఇస్తాము, ఫొటో దిగుతాము. ఫిబ్రవరిలో మరచిపోతాము. రోడ్డు పక్కన బోర్డుల మీద రాతలు తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయి, ఉర్దూ చదివే మా పిల్లలకు ఎట్లా తెలుస్తుందని మేమూ ఒకప్పుడు వాదించినాము. తర్వాత తెలుసుకున్నాము, గుర్తులకు భాష అవసరం లేదని. గుండ్రంగా ఉంటే అది ఆజ్ఞ, మీరరాదు. ముక్కోణంగా ఉంటే హెచ్చరిక, ముందు ఏదో ఉంది. నీలం రంగు పలక అయితే సమాచారం. ఎనిమిది మూలల ఎర్ర పలక ఒక్కటే, అది కనబడితే ఆగవలసిందే. ఇది రేఖాగణితమే గదా! ఇప్పుడు మేము ఆకారాల పాఠం ఈ గుర్తులతోనే మొదలుపెడుతున్నాము. పిల్లలు ఇంటికి పోయి తండ్రికి చెబుతున్నారు. బిడ్డ చెబితే తండ్రి వింటాడు, మేము చెబితే వినడు.

పండుగ రాత్రుల మాట కూడా చెప్పక తప్పదు. హైదరాబాదులో షబ్-ఎ-మేరాజ్, షబ్-ఎ-బరాత్ రాత్రులు వస్తే పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేస్తున్నారు. ఇబాదత్ చేసుకోవలసిన రాత్రి మన కుర్రవాళ్లు బండ్ల మీద పందేలు పెడతారని ముందుగానే కంచె వేయవలసి వస్తున్నది. అది మనకు గౌరవమా? ఆ కంచె పోలీసులు వేయకముందే ఇంటి గుమ్మంలో మనం వేయవలసింది.

ఇక మన కర్నూలు సంగతి. మన ఊరి పక్కన పోయేది మామూలు రోడ్డు కాదు. శ్రీనగర్ నుండి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద జరిగినవి మనకు పత్రికల వార్తలు కావు, మన కళ్లముందరి సంగతులు. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున వెల్దుర్తి మండలంలో, మదనపల్లె నుండి అజ్మీర్ షరీఫ్ జియారత్‌కు బయలుదేరిన వ్యాను డివైడరు దాటి అవతలి వైపు లారీని ఢీకొన్నది. 14 మంది పోయినారు. పిల్లలు నలుగురు గాయాలతో బయటపడినారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును హైదరాబాదు నుండి బెంగళూరు పోతున్న బస్సు ఢీకొని మంటలు లేచినవి. 19 మంది ప్రయాణికులు కాలిపోయినారు. ఆ మోటారు సైకిలు నడిపిన యువకుడు అంతకు కొంచెం ముందే పడి చనిపోయినాడు.

ఈ రెండూ తెల్లవారుజామునే జరిగినవని గమనించండి. రాత్రి రెండు నుండి అయిదు వరకు మనిషి కన్ను తన మాట వినదు. మదనపల్లె నుండి అజ్మీర్ దాదాపు రెండు వేల కిలోమీటర్లు. ఆ ప్రమాదానికి కారణం ఇదని మేము అనడం లేదు. కాని మన మహల్లాలో కూడా జియారత్‌కు, పెళ్లికి బండి మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరుకు ఎంత అని అడుగుతాము. డ్రైవర్లు ఎంతమంది, నిన్న రాత్రి అతడు పడుకున్నాడా అని అడగము. రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మనం మాత్రం హోటల్ బస ఖర్చు మిగిలించడానికి రాత్రంతా నడపమంటాము.

తప్పు అంతా నడిపేవాడిదేనా? కాదు. రోడ్డు వేసినవారికీ బాధ్యత ఉంది. 500 మీటర్ల లోపల మూడేళ్లలో పది మంది చనిపోయినా, లేక చావులు, తీవ్రగాయాలతో కూడిన ప్రమాదాలు అయిదు జరిగినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించి సరిచేయాలని ప్రభుత్వ నిబంధన. రోడ్డు నాసిరకంగా వేసి, అందువల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరు మీద, సంబంధిత శాఖ మీద లక్ష రూపాయల వరకు జరిమానా వేసే సెక్షను కూడా 2019లో చేర్చినారు. కాబట్టి గుంతలు, వెలగని దీపాలు, డివైడరుకు కొట్టిన దొంగ సందులు మనం రాసి ఇవ్వాలి. జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. ఒక బండి విడిపించడానికి ఫోను చేసే చేయి, ఒక మలుపు సరిచేయమని అర్జీ రాయలేదా?

ఇవన్నీ జరిగే పనులేనా అని కొందరికి సందేహం. జపాను దేశంలో 1970లో రోడ్ల మీద 16,765 మంది చనిపోయినారు. ఆ ఏడే వారు రోడ్డు భద్రతకు మూల చట్టం చేసుకున్నారు. నడిచేవారికి ఫుట్‌పాత్‌లు, సిగ్నళ్లు కట్టినారు. నియమాలు గట్టిగా అమలు చేసినారు. బడిలో పసిపిల్లల నుండి రోడ్డు దాటడం నేర్పినారు. 1979 నాటికి ఆ సంఖ్య 8,466కు దిగింది. తొమ్మిదేళ్లలో సగం! బండ్లు పెరిగినా ఈనాడు అక్కడ ఏడాదికి మూడు వేల లోపే. వారి తఖ్దీర్ మన తఖ్దీర్ కన్నా వేరే కలంతో రాసినారా? మూడు పనులు కలిపి చేసినారు, అంతే. చట్టం ఒక కాలు, అమలు ఒక కాలు, చదువు ఒక కాలు. మూడు కాళ్ల పీటకు ఒక కాలు తీసివేస్తే మిగిలిన రెండూ ఎంత గట్టివైనా కూర్చున్నవాడు పడతాడు.

ప్రమాదం జరిగిన తర్వాత చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే, కేసులో ఇరుక్కుంటామని తప్పుకు పోతున్నాము. 2016లో సుప్రీం కోర్టు, 2019 సవరణలో 134-ఎ సెక్షను, సాయం చేసినవాడికి రక్షణ ఇచ్చినవి. సదుద్దేశంతో సాయం చేసినవాడి మీద కేసు పెట్టరాదు. పేరు చెప్పమని బలవంతం చేయరాదు. 108కు ఫోను చేయండి. మన రాష్ట్రంలో అది 2005 నుండి ఉన్నది. మొదటి గంటలో ఆసుపత్రికి చేరితే బ్రతికేవారు ఎందరో. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం, గాయపడినవారికి గుర్తింపు ఉన్న ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం పొందే హక్కు ఉంది. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి.

చివరికి సొసైటీ పెద్దలకు మా మనవులు నాలుగు.

మొదటిది, మైనరు నడిపిన బండికి, హెల్మెట్ లేని బండికి, తాగి గాని అతివేగంగా గాని నడిపిన బండికి ఇకమీద మన సొసైటీ నుండి ఫోను పోరాదు. ఈ సభలోనే తీర్మానం చేయండి. మా పేరు మీద మొదటి సంతకం పెట్టుకోండి.

రెండవది, మనం స్కాలర్‌షిప్పు ఇచ్చే ప్రతి పిల్లవాడి తండ్రి దగ్గర, 18 నిండేదాకా బండి ఇవ్వమని ఒక కాగితం రాయించుకోండి.

మూడవది, ఈ రోజు వేదిక మీద మాకందరికీ శాలువాలు కప్పినారు. సంతోషం. మా ఇంట్లో ఇప్పటికే నాలుగు ఉన్నాయి. వచ్చే ఏడు శాలువా వద్దు, ఆ డబ్బుతో ఐ.ఎస్.ఐ. హెల్మెట్లు కొని పేద తల్లులకు, బిడ్డలకు ఇవ్వండి.

నాలుగవది, మన మహల్లా నుండి జియారత్‌కు, పెళ్లికి పోయే ప్రతి బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, అర్ధరాత్రి నుండి ఫజర్ దాకా బండి ఆగి ఉండాలి. ఇది మసీదు కమిటీలు కూడా ప్రకటిస్తే బాగుంటుంది.

ఇప్పుడు మేము వీధి చివరికి పోయినా హెల్మెట్ పెట్టుకునే పోతాము. చూసి నవ్వేవాళ్లు ఉన్నారు, నవ్వనివ్వండి. మొన్న ఆ పిల్లవాడి దుకాణానికి చక్కెర కోసం పోయినాము. ఇప్పుడు పిల్లవాడు కాదు, గడ్డం వచ్చింది. చిల్లర లెక్కపెట్టి మా చేతిలో పెట్టి, మా చంకలో ఉన్న హెల్మెట్ వైపు కాసేపు చూసినాడు. "సాబ్, ఇది ఆ రోజు బీరువా మీద ఉన్నదేనా?" అని అడిగినాడు. కాదు బేటా, ఇది కొత్తది అన్నాము. "మంచిది సాబ్, పెట్టుకుని పోండి" అన్నాడు. దుకాణం నుండి మా ఇల్లు వంద గజాలు ఉండదు. పెట్టుకుని, పట్టీ బిగించుకుని వచ్చినాము.

 ఈ సభ నుండి మీరందరూ క్షేమంగా ఇళ్లకు చేరుదురు గాక. ఇళ్లు దగ్గరే అయినా సరే.

ఖుదా హాఫిజ్.